టార్షన్ ఇరుసుల గుర్రాల ట్రెయిలర్‌ను ఎత్తు చేయాలా? నాలుగు మార్గాలు, ఎవరికి ఏది

కొత్తగా కొన్న పికప్ పాత దానికంటే ఎత్తుగా ఉంటుంది. ట్రెయిలర్ తగిలించగానే దాని ముక్కు పైకి లేచి, తోక కిందికి దిగుతుంది. లేదంటే పొలం దారిలో గతుకు దాటిన ప్రతిసారీ వెనుక అంచు నేలను గీరుతుంది. పక్కకు తిరిగే చోట గూస్‌నెక్ (పికప్ తొట్టి లోపలే తగిలించే ట్రెయిలర్ మెడ) అడుగు భాగం పికప్ తొట్టి అంచును తాకబోతుంది. ఈ మూడింటికీ అందరికీ వచ్చే ఆలోచన ఒకటే: ట్రెయిలర్‌ను రెండు మూడు అంగుళాలు పైకి లేపాలి.

కమాను పట్టీల బండి అయితే ఇరుసును పట్టీల పై నుంచి కిందికి మార్చి ఎత్తు తెచ్చుకునే పాత పద్ధతి ఉంది. టార్షన్ ఇరుసుల్లో అది కుదరదు. అక్కడ ఇరుసు, స్ప్రింగు వేరు వేరు వస్తువులు కావు, రెండూ ఒకటే. అందుకే ఏ మార్గం ఎంచుకోవాలన్నా ముందు ఆ ఇరుసు ఎలా పనిచేస్తుందో తెలియాలి.

ఇరుసు లోపల ఏముంది

బయట చదరపు ఉక్కు గొట్టం ఉంటుంది. దాని లోపల, మూలలు గొట్టం పక్కల వైపు తిరిగేలా మరో చదరపు కడ్డీ ఉంటుంది. రెండింటి మధ్య మిగిలిన నాలుగు మూలల్లో నాలుగు రబ్బరు తాళ్లను ఒత్తి దూర్చుతారు. కడ్డీ చివర ఒక పొట్టి భుజం వెనక్కి చాచి ఉంటుంది. దీన్ని మెకానిక్కులు ఆర్మ్ అంటారు. చక్రం ఆ భుజం కొసన ఉంటుంది. బరువు పడితే భుజం పైకి లేస్తుంది, కడ్డీ తిరుగుతుంది, రబ్బరు నలుగుతుంది. అంతే సస్పెన్షన్. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదులుతుంది, అందుకే గుర్రానికి ప్రయాణం మెత్తగా ఉంటుంది.

ఈ సుఖానికి ఒక మూల్యం ఉంది, అదే ఈ వ్యాసానికి కీలకం. కమాను పట్టీల జోడు ఇరుసుల బండిలో ముందు వెనుక పట్టీల మధ్య ఒక తూకపు ముక్క ఉంటుంది. బండి కాస్త వాలినా అది బరువును రెండు ఇరుసులకూ పంచుతుంది. టార్షన్ జోడులో ఆ పంపకం లేదు. ముక్కు పైకి లేస్తే వెనుక ఇరుసు ఎక్కువ మోస్తుంది, ముందుది తేలికవుతుంది.

ఎంత తేడా వస్తుందో లెక్క వేద్దాం. కప్లర్ (పికప్‌కున్న ఉక్కు గుండును పట్టుకునే ట్రెయిలర్ ముక్కు కొస) నుంచి ఇరుసుల నడిమికి 180 అంగుళాలు, రెండు ఇరుసుల మధ్య 34 అంగుళాలు అనుకోండి. ముక్కు 3 అంగుళాలు పైకి ఉంటే ముందు, వెనుక ఇరుసుల ఎత్తుల మధ్య తేడా సుమారు 0.57 అంగుళం, అంటే 14 మిల్లీమీటర్లు. చూడటానికి చిన్నది. కానీ టార్షన్ భుజం మొత్తం ప్రయాణమే కొన్ని అంగుళాలు. అందులో అర అంగుళానికి పైగా వెనుక జత ఒక్కటే అదనంగా కుంగడం చిన్న విషయం కాదు. వెనుక టైర్లు వేడెక్కుతాయి, వెనుక రబ్బరు ముందే అలసిపోతుంది, తేలికైన ముందు చక్రాలు బ్రేకు వేసినప్పుడు త్వరగా జారతాయి.

కాబట్టి ఎత్తు ఎంత అన్న ప్రశ్నకంటే ముందు, బండి సమంగా నిలబడుతుందా అన్నది చూడాలి. ఎత్తు అవసరమని వచ్చేవారిలో చాలామందికి నిజంగా కావలసింది సమత్వమే అని నా నమ్మకం.

ఎంపికకు ముందు తూచవలసినవి

మొదటిది కారణం. పికప్ ఎత్తుగా ఉందా, నేలకు ఖాళీ చాలడం లేదా, లేక ట్రెయిలరే కుంగిపోయిందా? మూడూ వేరు వేరు జబ్బులు. మూడో దానికి మందు పూర్తిగా వేరు.

రెండోది రబ్బరు వయసు. సమమైన నేల మీద ఖాళీ ట్రెయిలర్ నిలిపి, ప్రతి చక్రం దగ్గరా హబ్బు మధ్య నుంచి ఛాసిస్ దాకా కొలవండి. ఎడమ కుడి కొలతలు తేడాగా ఉన్నా, చక్రాల పై అంచులు లోపలికి వాలినా, టైర్లు లోపలి వైపే అరిగినా అనుమానించాలి. తర్వాత గుర్రాలను ఎక్కించి మళ్లీ కొలవండి. భుజం ఖాళీగా ఉన్నప్పుడే పైకి పోయి, బరువు పడ్డాక దాదాపు కదలకపోతే ఆ రబ్బరు పని అయిపోయింది. ఇంటి దగ్గర రబ్బరు మార్చే వీలు ఈ ఇరుసుల్లో చాలా వాటికి లేదు. ఇరుసు మొత్తం మార్చవలసిందే.

మూడోది గుర్రం, అందరూ చివరికి వదిలేసేది ఇదే. ట్రెయిలర్ ఎంత లేచిందో గుర్రం అడుగు కూడా అంత లేవాలి. ర్యాంపు లేని బండిలో ఎక్కేటప్పుడు గుర్రం ఎత్తును చూసుకుని కాలు వేస్తుంది. దిగేటప్పుడు వెనక్కి నడుస్తుంది, నేల ఎక్కడుందో కనిపించదు. వెనుక కాలు గాలిలో వెతుక్కుంటుంది. మూడు అంగుళాలు పెరిగితే ఆ వెతుకులాట కూడా అంత పెరుగుతుంది. కాలు జారి బండి అడుగుకు పోతే చర్మం ఒలిచినంత గాయమవుతుంది. కుర్ర గుర్రం త్వరగా అలవాటు పడుతుంది. కీళ్ల నొప్పులున్న ముసలి గుర్రానికి, గుర్రపు పిల్లలకు అది నిజమైన కష్టం.

ర్యాంపు ఉన్నా తప్పించుకోలేం. 1.5 మీటర్ల ర్యాంపు, 40 సెంటీమీటర్ల నేల ఎత్తు ఉంటే వాలు సుమారు 15.5 డిగ్రీలు. నేల 47.5 సెంటీమీటర్లకు లేస్తే అదే ర్యాంపు 18.5 డిగ్రీలవుతుంది. తడి రబ్బరు పరుపు మీద ఆ మూడు డిగ్రీల తేడా గిట్టలకు బాగా తెలుస్తుంది.

నాలుగోది గురుత్వ కేంద్రం. గుర్రాల ట్రెయిలర్ సామాను బండి కాదు. ఒక్కొక్కటి అర టన్ను తూగే ప్రాణులు అందులో నిలబడి, బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి మార్చుకుంటూ ప్రయాణిస్తాయి. బరువు ముందే ఎత్తున ఉంది. దాన్ని ఇంకా పైకి తీసుకుపోయే ప్రతి అంగుళానికీ గట్టి కారణం ఉండాలి.

మార్గం 1: ట్రెయిలర్‌ను ముట్టుకోకుండా హిచ్ (పికప్ వైపు తగిలింపు) సరిచేయడం

జబ్బు పికప్ ఎత్తే అయితే ముందు ఇదే చూడాలి. బంపరుకు తగిలించే ట్రెయిలర్లకు బాల్‌ను, అంటే కప్లర్ కూర్చునే ఉక్కు గుండును, కిందికి దించే, ఎత్తు సర్దుకునే మౌంట్లు దొరుకుతాయి. సమమైన నేల మీద ట్రెయిలర్‌ను స్పిరిట్ లెవెల్ పెట్టి సమంగా నిలిపి, నేల నుంచి కప్లర్ పై అంచు దాకా కొలవండి. గుర్రాలు ఎక్కాక పికప్ వెనుక భాగం ఎంత కుంగుతుందో చూసి, ఆ బరువుతో బాల్ ఆ ఎత్తుకు రావాలి. పని ఒక పూట, తప్పు జరిగితే తిరిగి మార్చుకోవచ్చు, గుర్రం అడుగు మారదు, గురుత్వ కేంద్రం మారదు. ఇంత లాభం మిగతా ఏ మార్గంలోనూ లేదు.

హద్దులూ ఉన్నాయి. బాల్ మరీ కిందికి దిగితే మౌంటే నేలను గీరుతుంది, పొలం దారుల్లో ఇది ఒక కొత్త బాధ. మౌంట్ మీద రాసిన బరువు సామర్థ్యం మీ బండికి సరిపోవాలి.

గూస్‌నెక్‌లో సంగతి వేరు. బాల్ పికప్ తొట్టిలో ఉంటుంది, దాన్ని దించలేం. కప్లర్ లోపలి గొట్టాన్ని పైకి కిందికి జరపవచ్చు. ముక్కు దించడానికి గొట్టాన్ని లోపలికి నెడితే గూస్‌నెక్ అడుగు, తొట్టి అంచుల మధ్య ఖాళీ తగ్గుతుంది. ఆ ఖాళీ ఆరు అంగుళాలన్నా ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అది లేకుండా గుంతల దారిలోకి దిగితే ట్రెయిలర్, తొట్టి ఒకదాన్ని ఒకటి కొడతాయి. సమత్వం ఉంటే ఖాళీ లేదు, ఖాళీ ఉంటే సమత్వం లేదు అన్న ఇరకాటంలో పడినవారికి మాత్రం ట్రెయిలర్‌ను లేపక తప్పదు.

మార్గం 2: స్పేసర్ దిమ్మెలు

ఇరుసు బ్రాకెట్టుకు, ఛాసిస్‌కు మధ్య ఉక్కు దిమ్మెలు పెట్టి బోల్టులతో బిగించడం. ఇరుసు తయారీదారులే తమ ఇరుసులకు తగిన కిట్లు అమ్ముతారు. సాధారణంగా మూడు అంగుళాలకు అటూ ఇటూగా ఎత్తు వస్తుంది. ఇరుసు అదే, రబ్బరు అదే, టైర్లు అవే. కాబట్టి ప్రయాణపు తీరు మారదు. మంచి రబ్బరు ఉండి, మూడు అంగుళాల లోపు ఎత్తు చాలనుకునే వారికి నేను మొదట చెప్పేది ఇదే.

ఇందులో ప్రమాదం పక్క నుంచి వచ్చే బలం దగ్గర ఉంది. జోడు ఇరుసుల బండిని ఇరుకు మలుపులో తిప్పేటప్పుడు టైర్లు నేల మీద పక్కకు ఈడ్చుకుంటూ పోవడం మీరు చూసే ఉంటారు. ఆ ఈడ్పు అంతా బ్రాకెట్టుకు తగులుతుంది. మధ్యలో దిమ్మె పెడితే ఆ బలానికి మీట పొడవు పెరిగినట్టే. కిట్ తయారు చేసినవారు మూడు అంగుళాలకు లెక్క కట్టి ఉంటారు. ఎత్తు చాలలేదని ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆ లెక్క చెల్లదు. గొట్టం ముక్కలు కోసి ఇంట్లో చేసుకునే దిమ్మెలకూ ఇదే మాట: పక్క బలాన్ని లెక్క వేయగలిగినవారు చేస్తే సరే, కంటి అంచనాతో చేస్తే వద్దు.

వెల్డింగ్ గురించి గట్టిగా చెప్పాలి. ఇరుసు గొట్టం మీద వెల్డింగ్ ఎప్పుడూ చేయించకండి. లోపల ఉన్నది రబ్బరు. పైన నిప్పు తగిలితే లోపల అది పాడవుతుంది, బయటికి కనిపించదు. ఛాసిస్‌కు వెల్డింగ్ అవసరమైతే ముందు ఇరుసు విప్పి పక్కన పెట్టించండి.

జోడు ఇరుసులైతే రెండింటికీ ఒకే ఎత్తు దిమ్మెలు. ముక్కు దిగుతుందని వెనుక ఇరుసుకు మాత్రమే దిమ్మె పెడదామనే ఆలోచన కొందరికి వస్తుంది. కానీ ముక్కు ఎత్తును నిర్ణయించేది హిచ్. దిమ్మె పెట్టిన వెనుక ఇరుసే ఇంకా ఎక్కువ బరువు మోయవలసి వస్తుంది.

మార్గం 3: వేరే కోణపు భుజంతో కొత్త ఇరుసు

టార్షన్ ఇరుసును ఆర్డరు చేసేటప్పుడు, బరువు లేనప్పుడు భుజం ఏ కోణంలో ఉండాలో ఎంచుకోవచ్చు. కొన్ని పైకి, కొన్ని అడ్డంగా, కొన్ని కిందికి చూస్తాయి. టార్‌ఫ్లెక్స్ వంటి ఇరుసుల్లో 45 డిగ్రీలు, 22.5 డిగ్రీలు, సున్నా వంటి కోణాలు దొరుకుతాయి. భుజం పొడవు 6 అంగుళాలు అనుకుంటే, 22.5 డిగ్రీలు కిందికి చూసే భుజం చక్రాన్ని గొట్టం మధ్యకంటే 2.3 అంగుళాలు కిందికి దించుతుంది. 45 డిగ్రీలైతే 4.2 అంగుళాలు. అంటే అడ్డంగా ఉన్న భుజం నుంచి 22.5 కిందికి మారితే 2.3 అంగుళాల ఎత్తు, 22.5 పైకి నుంచి 22.5 కిందికి మారితే 4.6 అంగుళాలు.

ఇక్కడ చాలామంది గమనించని ఒక చిక్కు ఉంది. భుజం తిరిగితే చక్రం కిందికి మాత్రమే పోదు, ముందుకు కూడా జరుగుతుంది. సున్నా నుంచి 45 కిందికి మారితే చక్రం ఒకటిముప్పావు అంగుళం ముందుకు వస్తుంది, మడ్‌గార్డు మధ్యలో ఉండదు. 22.5 పైకి నుంచి 22.5 కిందికి మారితే మాత్రం చక్రం ముందు వెనుకలుగా ఉన్న చోటే ఉంటుంది. మీ పాత ఇరుసు 22.5 పైకి అయితే ఇది చక్కని అవకాశం.

రబ్బరు అలసిన ట్రెయిలర్‌కు ఈ ఒక్కటే అర్థవంతమైన మార్గం. చచ్చిన రబ్బరు కింద దిమ్మె పెడితే బండి ఎత్తుగా కనిపిస్తుంది, కానీ ప్రతి గతుకూ నేరుగా గుర్రం కాళ్లకు తగులుతుంది. ఎలాగూ ఇరుసు మార్చవలసినప్పుడు కోణం మార్చుకుని ఎత్తు తెచ్చుకోవడం తెలివైన పని.

ఆర్డరు ఇచ్చే ముందు పాత ఇరుసు గొట్టం మీది పలకలోని నంబరు రాసుకోండి. హబ్బు ముఖం నుంచి హబ్బు ముఖానికి దూరం, బ్రాకెట్ల మధ్య వెడల్పు, చక్రం బోల్టుల అమరిక, బ్రేకు కొలత, బరువు సామర్థ్యం ఇవన్నీ కావాలి. సామర్థ్యం దగ్గర ఆశపడకండి. అవసరానికి మించిన సామర్థ్యపు ఇరుసు వేస్తే రబ్బరు గట్టిగా ఉండి బండి గుర్రాన్ని కుదుపుతుంది. పైగా ఇరుసు పెద్దదైనంత మాత్రాన ట్రెయిలర్ మోయగల బరువు పెరగదు. ఛాసిస్, కప్లర్, టైర్లలో ఏది బలహీనమో అదే హద్దు.

కొన్ని ఇరుసుల్లో భుజం పళ్ల మీద కూర్చుంటుంది, విప్పి ఒకటి రెండు పళ్లు జరిపి కోణం మార్చుకోవచ్చు. మీది ఆ రకమో కాదో ముందే చూసుకోండి. ఆ రకమే అయితే కొత్త ఇరుసు ఖర్చే తప్పుతుంది.

మార్గం 4: పెద్ద టైర్లు

తేలికగా కనిపించే మార్గమే, కానీ దీనిలో దక్కేది తక్కువ. వ్యాసం పెరిగినంతలో సగమే ఎత్తుగా మారుతుంది. ఎస్‌టీ205/75ఆర్15 టైరు వ్యాసం సుమారు 688 మిల్లీమీటర్లు, ఎస్‌టీ225/75ఆర్15 సుమారు 718. ముప్పై మిల్లీమీటర్ల పెద్ద టైరు, పదిహేను మిల్లీమీటర్ల ఎత్తు. జోడు ఇరుసుల మధ్య రెండు టైర్ల నడుమ ఖాళీ మాత్రం ముప్పై మిల్లీమీటర్లూ తగ్గిపోతుంది. టార్షన్ భుజం పైకి లేచినప్పుడు మడ్‌గార్డుకు తగలకుండా ఉండే చోటూ తగ్గుతుంది. చక్రం పెద్దదైతే బ్రేకు పట్టు కూడా ఆ మేరకు తగ్గుతుంది. టైర్లు ఎలాగూ మార్చే సమయం వచ్చి, బరువు సామర్థ్యం కోసం పెద్ద సైజు కావలసి, రిమ్ము దానికి సరిపోతే మార్చండి. ఎత్తు కోసమే అయితే వద్దు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | వచ్చే ఎత్తు | ముక్కు వాలు | గుర్రం అడుగు | రబ్బరు అలసితే |
|---|---|---|---|---|
| హిచ్ సర్దడం | లేదు | సరవుతుంది, గూస్‌నెక్‌లో కొంతవరకే | మారదు | పనికిరాదు |
| స్పేసర్ దిమ్మెలు | సుమారు 3 అంగుళాలు | సరవుతుంది | అంత పెరుగుతుంది | పనికిరాదు |
| కొత్త కోణపు ఇరుసు | 2.3 నుంచి 4.6 అంగుళాలు | సరవుతుంది | అంత పెరుగుతుంది | ఇదే మందు |
| పెద్ద టైర్లు | అర అంగుళానికి కాస్త పైన | స్వల్పం | స్వల్పంగా పెరుగుతుంది | పనికిరాదు |

మీరు ఎవరైతే ఏది

రెండు గుర్రాల చిన్న ట్రెయిలర్‌ను బంపరుకు తగిలించి, మంచి రోడ్ల మీదే తిరిగేవారు హిచ్ సర్దుకుని ఆగిపోండి. ముసలి గుర్రం ఉంటే మరీ ముఖ్యంగా.

గూస్‌నెక్, ఎత్తైన నాలుగు చక్రాల డ్రైవు పికప్ ఉన్నవారికి దిమ్మెలు. ముందు కప్లర్ గొట్టంతో ఎంతవరకు సరిపోతుందో చూసి, మిగిలినంత ఎత్తుకే దిమ్మె కొనండి. రెండు అంగుళాలు చాలితే మూడు వద్దు.

గతుకుల దారుల్లో తోక గీరేవారు మొదట బండి సమంగా ఉందో చూడండి. ముక్కు పైకి ఉంటేనే తోక కిందికి దిగుతుంది, సమం చేస్తే సగం సమస్య అక్కడే పోవచ్చు. అప్పటికీ గీరితే దిమ్మెలు.

పాత ట్రెయిలర్ కొన్నవారు ముందు పైన చెప్పిన కొలతలు తీసుకోండి. రబ్బరు పోయిందని తేలితే దిమ్మెల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఇరుసుల కోసం దాచండి. అంతవరకు ఆ బండిలో గుర్రాన్ని దూరం తీసుకుపోకండి.

పని రోజున

గుర్రాలు బండిలో ఉండకూడదు. చక్రాల కింద అడ్డు దిమ్మెలు పెట్టి, జాకీని ఛాసిస్ కింద పెట్టండి. ఇరుసు గొట్టం కింద ఎప్పుడూ పెట్టకండి, గొట్టం వంగితే చక్రాల వరుస పోతుంది. జాకీ ఒక్కదాని మీద ఆధారపడకుండా స్టాండ్లు వేసిన తర్వాతే కిందికి దూరండి. పాత బోల్టులు తిరిగి వాడవద్దు, కిట్‌తో వచ్చిన గ్రేడు బోల్టులనే తయారీదారు చెప్పిన టార్క్‌కు రెంచితో బిగించండి. బ్రేకు తీగలకు కొత్త ఎత్తులో సాగుడు పడకుండా చూడండి.

చక్రాలు విప్పి ఉంటే నట్లను మొదటి 10, 25, 50 మైళ్ల దగ్గర, అంటే సుమారు 16, 40, 80 కిలోమీటర్ల దగ్గర మళ్లీ బిగించాలి. బ్రాకెట్టు బోల్టులను కూడా అప్పుడే చూడండి. భద్రతా గొలుసులు, బ్రేకు తీగ పొడవు కొత్త ఎత్తుకు చాలుతున్నాయా, ముందు జాకీ కాలు నేలకు అందుతోందా, కొట్టం తలుపు కింద బండి పై కప్పు పడుతుందా అన్నవీ ఆ రోజే తేల్చుకోండి.

ఆ తర్వాత గుర్రాలను ఎక్కించి, పికప్‌కు తగిలించి, సమమైన నేల మీద స్పిరిట్ లెవెల్ మళ్లీ పెట్టండి. ఖాళీ బండిలో సమంగా ఉన్నది బరువు పడ్డాక సమంగా ఉండకపోవచ్చు. హబ్బు నుంచి ఛాసిస్‌కు నాలుగు చోట్లా కొలిచి రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది అదే బరువుతో మళ్లీ కొలిస్తే, రబ్బరు ఎంత కుంగిందో ఆ అంకెలే చెబుతాయి. ఇక గుర్రాన్ని మొదటిసారి కొత్త ఎత్తు నుంచి దించేటప్పుడు తొందరపెట్టకండి. ఒక మనిషి తల దగ్గర, ఒక మనిషి పక్కన నిలబడి, వెనుక కాలు నేలను తాకేదాకా ఆగండి.